తల్లుల దారి

నేను చిన్నపిల్లగా ఉన్న రోజుల్లో మేము అమీర్‌పేటలో ఒక ముస్లిం కుటుంబం వారింట్లో, వెనక వాటాలో అద్దెకుండేవాళ్ళం. ఆ సందు మొదట్లో ఇప్పుడు మెట్రో స్తంభం లేచింది. ఇల్లున్న చోట కోచింగ్ పిల్లల హాస్టల్ కట్టారు. మా నాన్న ఖైరతాబాద్‌లో ఒక ఆఫీసులో గుమస్తా. మా అమ్మది సముద్రం ఒడ్డు ఊరు. బళ్ళో నేను "ఏంటి" అన్నా, "ఎందుకండీ" అన్నా చాలు, పిల్లలు మూతి వంకర పెట్టి నన్ను అనుకరించేవాళ్ళు. అందుకని బళ్ళో తక్కువ మాట్లాడేదాన్ని. నా మాట ఎవరైనా శ్రద్ధగా వింటే మాత్రం ఇక ఆగేదాన్ని కాదు. జరిగినదానికి ఇది సాకు కాదు. నేనెలాంటి పిల్లనో తెలియాలని చెప్తున్నాను.

వేసవి సెలవులు రాగానే అమ్మతో కలిసి ఊరికి వెళ్ళేదాన్ని. మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, మడ అడవుల మధ్య పాయల్లో పీతలు పట్టేవాడు. ముదురాకుపచ్చ డిప్ప, నా వేలిని పుటుక్కున విరిచెయ్యగల గోళ్ళు ఉన్న పెద్ద బురద పీతలవి. ఎర కట్టిన వెదురు బుట్టల్ని పాటు మీద, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, నీళ్ళలోకి దించి, పోటు నిండాక పైకి లాగేవాడు. పడవలో ఆయన దగ్గర ఒక వెదురుముక్క ఉండేది. పట్టిన ప్రతి పీత డిప్ప మీద దాన్ని అడ్డంగా పెట్టి చూసేవాడు. పీత ఆ ముక్క కంటే చిన్నదైతే మళ్ళీ నీళ్ళలోకే. నేను గోల చేసేదాన్ని, అంత కష్టపడి పట్టి పారేస్తావేంటని. పారెయ్యడం కాదు, దాచుకోవడం అనేవాడు.

ఊరి పాయను పీతల వేటకు ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో ఊరికి చెప్పేది తాతయ్యే. ఆయన కాగితం మీద రాసిందేమీ లేదు. మాట చెప్పేవాడు, పడవలున్న ఇళ్ళవాళ్ళంతా ఆ మాట మీద ఉండేవాళ్ళు.

నాకు తొమ్మిదో ఏడు నిండిన వేసవిలో ఒకరోజు తాతయ్య నన్ను పాయ చివరిదాకా తీసుకెళ్ళాడు. పాయ సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. అక్కడ నీళ్ళు ఇరుకై, రెండు పక్కలా మడచెట్ల వేళ్ళు అల్లుకుని ఉన్నాయి. బుట్టలు పడవ నిండా ఉన్నా తాతయ్య ఒక్కటీ దించలేదు. ఎందుకని అడిగితే పడవ తోసే గెడ ఆపి చెప్పాడు.

"ఇది తల్లుల దారమ్మా. వానలు తగ్గే వేళకి కడుపులో సనతో, అంటే గుడ్లతో, బరువెక్కిన ఆడపీతలన్నీ ఇటునుంచే సముద్రంలోకి పోతాయి. అక్కడ గుడ్లు వదులుతాయి. ఆ పిల్లలు కంటికి ఆననంత చిన్నగా ఉన్నప్పుడే పోటుతో మళ్ళీ మన పాయలోకి వస్తాయి. మనం తినేంత ఎదగడానికి ఏడాదిన్నర పడుతుంది. ఇక్కడ బుట్ట వేశామా, ఈ ఏడు బ్రహ్మాండంగా ఉంటుంది. వచ్చే ఏడు ఫర్వాలేదనిపిస్తుంది. ఆపైన ఏమీ ఉండదు."

తరవాత నా తల మీద చెయ్యి పెట్టి, ఈ సంగతి ఊరు దాటి పోకూడదన్నాడు. నేను బుద్ధిగా తలూపాను. ఆ తలూపడం నాకింకా గుర్తుంది. రెండుసార్లు ఊపాను.

పంజాగుట్టలో నాన్నకు తెలిసిన ఒకాయన చిన్న హోటల్ నడిపేవాడు. నేనాయన్ని హోటల్ మామ అని పిలిచేదాన్ని. ఇక్కడివాడే. నవ్వు ముఖం, పెద్ద గొంతు, పిల్లలంటే ప్రాణం. నాన్న ఆదివారం పొద్దున అటు తీసుకెళ్తే ఆయన నా ముందు పూరీ పెట్టి, ఎదురుగా కూర్చుని మా ఊరి ముచ్చట్లు అడిగేవాడు. నా "ఏంటి"కి ఆయన ఎన్నడూ నవ్వలేదు. ఆ హైదరాబాదులో నా మాట కోసం కుర్చీ లాక్కుని కూర్చున్న పెద్దమనిషి ఆయనొక్కడే.

ఆ సెలవుల నుంచి తిరిగొచ్చాక మేము తెచ్చిన పీతల్లో కొన్ని నాన్న ఆయనకిచ్చాడు. ఒకదాంట్లో ఎర్రగా గట్టిగా సన ఉంది. అది తిన్న ఆదివారం నుంచి హోటల్ మామకు దాని మీదే ధ్యాస.

"ఏం బిడ్డా, గీ ఎర్ర సన ఉన్న పీతలు మస్తున్నయి గదా. మాకు లారీల వచ్చేటియి అన్నీ మగయే, సన ఉండదు. మీ తాతకు గివి యాడ దొరుకుతయి?"

నాన్న చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. అంతసేపే. ఆ కాస్త వ్యవధిలో నేను గ్లాసులో వేలు ముంచి, బల్ల మీద నీళ్ళతో పాయ గీసి చూపించాను. ఊరెక్కడ, రేవెక్కడ, పాయ ఎటు తిరిగి ఎక్కడ సన్నబడుతుంది. వానలు తగ్గాక వెళ్ళాలని కూడా చెప్పాను. దాన్ని తల్లుల దారంటారని చెప్పి, ఆయన కళ్ళు పెద్దవి కావడం చూసి పొంగిపోయాను.

"అరే, గింత పిల్లకు గెన్ని ఎరుక!" అని నా బుగ్గ గిల్లాడు.

ఆయన చెడ్డవాడు కాడు. ఇప్పటికీ నాకా నమ్మకం ఉంది. తన హోటల్‌కు సరుకు తెచ్చే లారీవాళ్ళకు ఒక మాట చెప్పాడు, అంతే. వాళ్ళు మనుషుల్ని పంపారు. వానలు తగ్గగానే మొగ అడ్డంగా వలలు కట్టారు.

ఆ ఏడు దీపావళి ముందు పంజాగుట్ట హోటల్లో సన పీతల కూర కోసం జనం రోడ్డు మీద నిలబడ్డారు. నాన్న బయట ఎవరితోనో మాట్లాడుతుండగా హోటల్ మామ నన్ను పిలిచి, వచ్చినవాళ్ళకు నన్ను చూపించి, ఈ బిడ్డ తెలివే ఇదంతా అన్నాడు. నాకెంత గర్వమనిపించిందో చెప్పలేను. తాతయ్య చెప్పిన మాటల్లో "ఈ ఏడు బ్రహ్మాండంగా ఉంటుంది" అన్నదొక్కటే నాకప్పుడు గుర్తొచ్చింది. తరవాతి మాటలు గుర్తురాలేదు. గుర్తు తెచ్చుకోలేదు అనడం నిజం.

మరుసటి వేసవికి ఊరెళ్తే ఎవరి ముఖంలోనూ దిగులు లేదు. బయటివాళ్ళు కళ్ళెదుట పట్టుకుపోతుంటే మనం చూస్తూ కూర్చోవాలా అని ఊళ్ళోవాళ్ళు కూడా మొగ దగ్గర బుట్టలు వేశారట. అందరిళ్ళలో డబ్బు ఆడుతోంది. మా తాతయ్య ఒక్కడే పడవ ఒడ్డుకు లాగేసి అరుగు మీద కూర్చున్నాడు. నేను దగ్గరికి వెళ్తే మామూలుగానే పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ సెలవుల్లో నన్ను పాయలోకి మాత్రం తీసుకెళ్ళలేదు.

ఆ పై ఏడు బుట్టలకు సగమే పడ్డాయి. మూడో ఏడు పొద్దున్నుంచి సాయంత్రందాకా తిరిగితే, అడుగున రెండు మూడు పిల్ల పీతలు. లారీవాళ్ళు వేరే పాయ చూసుకున్నారు. ఊళ్ళోవాళ్ళకు వేరే పాయ లేదు. కొందరు పడవలమ్మి ఉప్పుమళ్ళలో కూలికి వెళ్ళారు. ఇవన్నీ నేను అమ్మ తమ్ముడు, మా మామయ్య నోట విన్నవే. ఆ ఏడు అమ్మకు ఒంట్లో బాగాలేక మేము ఊరెళ్ళలేదు.

ఆ చలికాలంలో మామయ్య తాతయ్యను వెంటబెట్టుకుని అమీర్‌పేట వచ్చాడు. తాతయ్యకు చూపు మసకబారింది, డాక్టరుకు చూపించడానికి అన్నారు. భోజనాలయ్యాక వంటింట్లో మామయ్య అమ్మతో అసలు సంగతి చెప్తుంటే, గోడవతల పుస్తకం ముందేసుకుని కూర్చున్న నాకు అంతా వినపడింది.

ఊళ్ళో పంచాయితీ పెట్టారట. మొగ సంగతి బయటివాళ్ళకు ఎవరు చెప్పారని ఒక్కొక్కర్నీ నిలదీశారట. ఇద్దరు అన్నదమ్ములు నువ్వంటే నువ్వని కొట్టుకోబోయారట. అప్పుడు తాతయ్య లేచి నిలబడి, "నేనే చెప్పాను" అన్నాడట. ఎందుకు చెప్పావంటే ఏమీ చెప్పలేదట.

"పాయ మీద ఆయన మాట తీసేశారక్కా," అన్నాడు మామయ్య. "పడవల్లోకి రానివ్వడం లేదు. టీ కొట్టు దగ్గర ఈయన్ని చూస్తే లేచిపోతున్నారు. నాన్న అలా ఎందుకు చేశాడో నాకిప్పటికీ అర్థం కావట్లేదు. లారీవాళ్ళ దగ్గర ఏదన్నా తీసుకున్నాడా అని నాకే ఒక్కోసారి అనుమానమొస్తోంది."

అమ్మ ఏడుస్తోంది. నేను గోడకు ఆనుకుని ఉన్నాను. లేచి నాలుగడుగులేస్తే వంటిల్లు. నాకు పన్నెండేళ్ళు నిండాయి, ఆ నాలుగడుగులూ వెయ్యలేకపోయాను. మామయ్య మర్నాడు తాతయ్యను మా దగ్గరే వదిలి రైలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం తాతయ్య నన్ను తోడు తీసుకుని అమీర్‌పేట మార్కెట్టుకు బయల్దేరాడు. కూరగాయలు దాటాక చేపలమ్మేవాళ్ళ వరస. ఒక ముసలమ్మ తడి గోనె మీద కాళ్ళకు తాళ్ళు కట్టిన పీతల్ని పేర్చింది. తాతయ్య గొంతుక్కూర్చుని ఒక్కొక్కదాన్నీ వేళ్ళతో తడిమాడు. వెల్లకిలా తిప్పి పొట్ట మీది రేకును తడిమాడు. ఆ రేకు సన్నగా ఉంటే మగది, వెడల్పుగా ఉంటే ఆడది.

"ఏంది పెద్దయ్యా, కొంటవా, ఊకే చూస్తవా?" అంది ముసలమ్మ.

తాతయ్య నవ్వి, మనవరాలికి చూపిస్తున్నానమ్మా అన్నాడు. నా చెయ్యి పట్టుకుని ఒక పీత డిప్ప మీద పరిచాడు. నా వేళ్ళు దానికి రెండు పక్కలా బయటికొచ్చాయి.

"ఇవి ఒక్కసారి కూడా సముద్రం చూడలేదే," అన్నాడు.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అక్కడే, చేపల వాసన మధ్య, నేనే చెప్పాను తాతయ్యా అన్నాను. హోటల్ మామకు చెప్పానన్నాను. ఆయన నా చెయ్యి వదల్లేదు. లేచి నన్ను మార్కెట్టు బయట ఒక మూసిన కొట్టు మెట్ల దగ్గరికి నడిపించి కూర్చోబెట్టాడు.

"నాకు తెలుసమ్మా. మొదటి లారీ వచ్చిన రోజే తెలుసు. వాళ్ళు రేవులో దిగి తల్లుల దారెక్కడ అని అడిగారు. ఊళ్ళో దాన్ని అందరూ మొగ అనే అంటారు. తల్లుల దారన్నది నీకోసం ఆ పూట నేను పెట్టిన పేరు."

మరి నువ్వు చెప్పావని ఎందుకన్నావని అడిగాను. ఆయన రోడ్డు కేసి చూశాడు. ఆ కళ్ళకు ఎంత కనపడిందో తెలీదు.

"నీ పేరు చెప్తే మీ అమ్మ మళ్ళీ పుట్టింటి గడప తొక్కలేదు. ఊరుకుందామంటే ఆ అన్నదమ్ములు తలలు పగలగొట్టుకునేలా ఉన్నారు. నాదేముంది, పెద్దవాణ్ణి." తరవాత, "నిన్ను అక్కడికి తీసుకెళ్ళింది నేను. అందులో నా తప్పూ ఉంది," అన్నాడు.

నన్ను తిట్టలేదు. ఏడవకని కూడా అనలేదు. ఏడుపు తగ్గిందాకా కూర్చుని, ఇంటికెళ్ళి ఒక ఉత్తరం రాసిపెడతావా అన్నాడు.

ఆ రోజు నుంచి మూడేళ్ళపాటు తాతయ్య చెప్తుంటే నేను ఉత్తరాలు రాశాను. అన్నీ మామయ్యకే. మొగ దగ్గర రెండేళ్ళు ఎవరూ బుట్ట వెయ్యొద్దు. సన ఉన్నది పడితే ఎంత పెద్దదైనా వదిలెయ్యండి. మిగిలినవాళ్ళు వినకపోతే నువ్వొక్కడివే మొదలుపెట్టు. మొదట్లో మామయ్య జవాబులో కోపం ఉండేది. నీ మాట ఇక్కడ ఎవరు వింటారు అని రాశాడు. తాతయ్య మళ్ళీ అదే రాయించాడు. చివరికి మామయ్య, ఇంకో నాలుగిళ్ళవాళ్ళు పట్టడం మానేశారు. ఏడాది గడిచినా ఏమీ కనపడలేదు. ఊళ్ళో నవ్వారట. రెండో ఏడు, మడచెట్ల మొదళ్ళలో చింతగింజలంత పీతలు తిరుగుతున్నాయని మామయ్య రాశాడు. ఆ ఉత్తరాన్ని తాతయ్య నాచేత నాలుగుసార్లు చదివించుకున్నాడు. తరవాత, ఇంకా ముట్టుకోవద్దని రాయి అన్నాడు.

నేను అప్పుడు నేర్చుకున్నది అది. పాడుచెయ్యడానికి నాన్న చెయ్యి కడుక్కొచ్చేంత సేపు చాలింది. బాగుపడ్డానికి పీత ఎంత కాలం తీసుకుంటే అంత కాలం ఆగాల్సిందే. ఏడిస్తే తొందరగా ఎదగదు, బతిమాలితే ఎదగదు.

కానీ నేను చెప్పాలనుకున్నది ఇంకొకటుంది. ప్రతి ఉత్తరం చివర, కింద సంతకానికి ముందు, తాతయ్య ఆగి అడిగేవాడు.

"ఇంకేమైనా రాయాలా అమ్మా?"

ఆయన చెప్పాల్సిందేమైనా మరిచిపోయాడేమో, నన్ను గుర్తుచెయ్యమంటున్నాడేమో అన్నట్టు నటించి, ఏమీ లేదు తాతయ్యా అనేదాన్ని. సరేలే అనేవాడు. ఆ కాగితం మీద నాలుగు వేళ్ళంత చోటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. ఒక్క వాక్యం పడుతుంది అందులో. మూడేళ్ళలో ఎన్ని ఉత్తరాలు రాశానో, అన్నిసార్లు ఆయన అడిగాడు, అన్నిసార్లు నేను లేదన్నాను. ఏ ఉత్తరానికీ ఆయన రెండోసారి అడగలేదు.

తాతయ్య అమీర్‌పేటలోనే పోయాడు, మాకు ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు ఆయన కోసమని ఇచ్చిన ముందు వరండాలో, మధ్యాహ్నం పూట. ఆ తరవాత రెండు నెలలకు మామయ్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పాయలో బుట్టలు మళ్ళీ బరువుగా లేస్తున్నాయి. మొగను మూసి ఉంచాలని ఇప్పుడు అందరూ ఒప్పుకున్నారు. చివర్న ఇంకో మాట రాశాడు. పెద్దాయన చెప్పింది నిజమే గానీ ఆ రోజు నోరు జారకపోతే మనకిన్ని బాధలుండేవి కావు కదా అని ఊళ్ళో అంటున్నారట.

ఆ ఉత్తరానికి జవాబు రాయమని అమ్మ నాకే చెప్పింది. ఉత్తరం అందిందని రాశాను. అందరం క్షేమమని రాశాను.

తరవాత చదువు, పెళ్ళి, ఉద్యోగం, పిల్లలు. చెప్పకపోవడానికి ఎప్పుడూ ఒక కారణం దొరికేది. అమ్మ ఉన్నంతకాలం అమ్మ బాధపడుతుందనుకున్నాను. మామయ్య ఉన్నంతకాలం, తండ్రిని అనుమానించినందుకు ఆయన కుమిలిపోతాడనుకున్నాను. వాళ్ళ మీద దయతో ఊరుకున్నానని నన్ను నేను నమ్మించుకున్నాను. ఇద్దరూ పోయాక ఆ దయ ఎవరి మీదో అర్థమైంది.

పోయిన ఏడాది చలికాలంలో, అరవై దాటాక, ఒక్కదాన్నే ఊరెళ్ళాను. రేవు దగ్గర రేకుల షెడ్డులో పడవలవాళ్ళు కూర్చుని ఉన్నారు. పెద్దాయన మనవరాలినని చెప్పి, నిలబడే మొత్తం చెప్పాను. తొమ్మిదేళ్ళప్పుడు చెప్పింది నేనని, తాతయ్య కాదని. మాటలు తడబడ్డాయి గానీ ఏదీ వదల్లేదు.

పడవల సంఘం నడిపే ఒక అమ్మాయి, నా కూతురి వయసుంటుంది, లేచొచ్చి నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. "ఎప్పటి సంగతండీ ఇది! చిన్నపిల్ల ఏదో అన్నదానికి ఇన్నాళ్ళు బాధపడతారా? మాకు మొగ మూసి ఉంచడం తెలుసు గానీ దాని వెనక ఇంత ఉందని తెలీదండీ," అని టీ తెప్పించింది. మిగిలినవాళ్ళూ పోన్లెండమ్మా అన్నారు. అంత తేలిగ్గా క్షమించేశారు. వాళ్ళకు నేను చేసిన నష్టమేమీ లేదు. నష్టపోయినవాళ్ళు ఆ షెడ్డులో లేరనుకున్నాను.

నేను ఆటో దగ్గరికి నడుస్తుంటే వెనకనుంచి ఒక ముసలాయన వచ్చాడు. షెడ్డులో ఒక పక్కన వల బాగుచేసుకుంటూ కూర్చున్నాయన. వాళ్ళ నాన్న పడవ అమ్ముకుని ఉప్పుమళ్ళకు వెళ్ళినవాళ్ళలో ఒకడట. మళ్ళీ పడవ కొనలేకపోయాడట.

"మా నాన్న పోయేదాకా రోజూ పొద్దున్నే ముఖం కడుక్కుంటూ మీ తాతగారిని తిట్టేవాడమ్మా. పేరు పెట్టి తిట్టేవాడు. అది విని మేమూ తిట్టేవాళ్ళం," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. "ఈ మాట మా నాన్న బతికుండగా ఎవరన్నా చెప్పుంటే బాగుండేది."

నేను చేతులు జోడించాను. ఆయన షెడ్డువైపు వెళ్ళిపోయాడు.

ఇప్పుడు అమీర్‌పేటలో పొద్దున్నే లేచి కుళాయి దగ్గర ముఖం కడుక్కునేటప్పుడు ఆ మాట వినిపిస్తుంది. ఎక్కడో ఒక ఉప్పుమడి పక్కన, ఒక మనిషి, అంత కాలం, అన్ని పొద్దులు, తప్పు పేరు పట్టుకుని తిట్టాడు. ఆ తిట్లలో ఒక్కటి కూడా మా తాతయ్యది కాదు. అన్నీ నావే.